ఎత్తిపెట్టిన పిడికెడు

ముప్పై సెకన్లు చాలు, ముప్పై సెకన్ల వీడియో కోసం చెన్నైలో తెల్లవారకముందే రైలెక్కి, నెల్లూరులో దిగి విడవలూరు బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి రొయ్యల గుంటల గట్ల మీద ఆటోలో ఎముకలు కదిలిపోయేలా వచ్చి, తీరా వచ్చాక అన్నం ఉడికేదాకా కూర్చోవాలా అనుకుంది కెజియా, అనుకున్న మరుక్షణమే సిగ్గుపడింది. వండుతున్నది రెబెక్కమ్మ. డెబ్భై దాటిన మనిషి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, వంగి, పొయ్యిలోకి సరుగుడు పుల్లలు ఎగదోస్తోంది. గ్యాసు ఉంది గానీ అది టీకి మాత్రమేనట. బస్సులో తినేశానమ్మా అని రెండుసార్లు అబద్ధం చెప్పినా ముసలమ్మ చెవిన వేసుకోలేదు. "మగ్దలీనమ్మ మనవరాలు నా గడప తొక్కి తినకుండా పోతే, ఆ పైనుండే నీ జేజి నన్ను బతకనిస్తాదా?" అనేసింది. దానికేం చెబుతాం? ఫోనులో పన్నెండూ పది. రెండింటికల్లా వీడియో బిందుకి చేరాలి, బిందు అంటే కెజియా బొమ్మలు గీసే డిజైన్ స్టూడియోకి పెద్ద, మాట వెన్న, గడువు దగ్గరకొస్తే కత్తి. సాయంత్రం నెల్లూరులో కల్యాణ మండపంలో బియ్యం మిల్లు యజమాని నరేంద్రబాబు గారి సభ, మూడు జిల్లాల డీలర్లు వస్తారు, అందరూ కూర్చోగానే పెద్ద తెర మీద ఒక ముసలమ్మ ముఖం కనిపించాలి, ఇది మా ఊరి ఆచారం అని చెప్పాలి. అంతే. ఎవరో డీలరు అడిగాడట, బియ్యం సంచి మీద రాసిన ఈ పిడికెడు కథ నిజమేనా, మీరు అల్లిందా అని. అప్పట్నుంచి నరేంద్రబాబుకి నిద్ర లేదు, ఆయనకి లేకపోతే బిందుకి ఉండదు, బిందుకి లేకపోతే కెజియాకి ఎక్కడిది? నిజమేనండీ, మా జేజి చేసేది, నా కళ్ళతో చూశాను అని కెజియానే మీటింగులో గట్టిగా చెప్పింది. గట్టిగానే చెప్పింది. ఆ సంగతే ఇప్పుడు, ఈ పొగలో, ఎందుకో జారిపోతోంది.

గోడకి ఆనించిన సంచి కెజియాకేసి చూస్తోంది. తనే తెచ్చిన ఐదు కిలోల 'పిడికెడు' బియ్యం, మీగడ రంగు సంచి, మధ్యలో నీలి గీతలతో ఒక చెయ్యి, బిగించిన వేళ్ళ సందుల్లోంచి జారుతూ నాలుగు గింజలు. ఆ చెయ్యి గీసింది కెజియానే. నలభై ఒక్కసార్లు గీసింది. మొదటిది కాగితం మీద పెన్సిలుతో, జేజి చేతిని తలచుకుని, కళ్ళు మూసుకుని గీసింది, ఆ రోజు ఎంత ఏడ్చిందో తనకే తెలుసు. అందులో చూపుడు వేలి గోరు నల్లగా ఉండేది, రోకటిపోటు తగిలి చచ్చిపోయిన గోరు. మురికిలా కనపడుతోంది తీసెయ్ అన్నారు, తీసేసింది. కణుపులు లావుగా ఉన్నాయి, జబ్బు చేతిలా ఉంది అన్నారు, సన్నం చేసింది. ఆరో దాంట్లోనో ఏడో దాంట్లోనో అరచెయ్యి వెల్లకిలా ఉండేది, గింజలు అందులో పడుతున్నట్టు. అడుక్కుంటున్నట్టుందమ్మా, మన సరుకు మీద అడుక్కునే చెయ్యి బావుండదు అన్నారు నరేంద్రబాబు, మెత్తగానే అన్నారు, ఆయన మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, చెయ్యి బోర్లా తిరిగింది. ఇప్పుడు కళ్ళు మూసుకుని జేజి చెయ్యి ఏదీ అని వెతికితే నీలి గీతలే వస్తున్నాయి. నల్ల గోరు కుడి చేతిదా ఎడమ చేతిదా? జేజి ఎడమచేతి వాటమా? కాదు, ఎడమచేత్తో చంటిపిల్లని, అంటే తనని, చంకన వేసుకుని కుడిచేత్తో... లేక కుడి చంకా? ఫోనులో ఫొటోలున్నాయేమో అని వెతికింది, జేజి ముఖం ఉంది, పెళ్ళి ఫొటోలో చీర చెంగు కింద చేతులు దాచుకుని ఉంది. మనిషి ముఖాన్ని ఫొటో తీసినట్టు చేతుల్ని ఎవరు తీస్తారు?

"పొగ కండ్లల్లోకి కొడతాందా? ఈ పక్కకి జరుగు పాపా," అంది రెబెక్కమ్మ. కెజియా జరిగింది. కిటికీలోంచి సముద్రం కనబడదు గానీ గాలికి ఉప్పు రుచి ఉంది, రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు ఒకటే హోరు. చిన్నప్పుడు ఈ చప్పుడు లేదు. చిన్నప్పుడు శనివారాలకి వేరే చప్పుడుండేది, తెల్లచీర కట్టుకుని, రెండు కాడల నీలం గుడ్డసంచి భుజాన వేసుకుని సువార్తమ్మ వచ్చేది, వాకిట్లో నిలబడి ప్రైజ్ ది లార్డ్ మగ్దలీనమ్మా అని గొంతెత్తేది, ఆ గొంతు పల్లె చివరిదాకా వినపడేది. సువార్తమ్మ అంటే ఈ రెబెక్కమ్మే. సంఘం తరఫున ఇంటింటికీ తిరిగి, జబ్బుపడ్డవాళ్ళకి ప్రార్థన చేసి, కోడళ్ళ గొడవలు విని, పిల్లలకి పాటలు నేర్పేది. జీతం నాతం ఏమీ లేదు. పల్లెలో ప్రతి ఇంటా రోజూ వండేటప్పుడు పిడికెడు బియ్యం ఎత్తి మూలనున్న చిన్న కుండలో వేసేవాళ్ళు, శనివారం నాటికి కుండ నిండేది, ఆ బియ్యం రెబెక్కమ్మ సంచిలో పడేది. దేవునికని ఎత్తేవాళ్ళు, దేవుడు రెబెక్కమ్మ చేత వండించుకునేవాడు. సంచిలో బియ్యం పోస్తుంటే కెజియా సంచి నోరు పట్టుకునేది. ఆ, అప్పుడు రెబెక్కమ్మ చేతులు వెల్లకిలా ఉండేవి, రెండు చేతులూ దోసిలిపట్టి, ఒక్క గింజ కూడా కింద పడకుండా. అంటే తను ఆరోసారి గీసిన ఆ వెల్లకిలా చెయ్యి? అది జేజిది కాదేమో. కళ్ళు మూసుకుని గీసినప్పుడు వచ్చింది ఎవరి చెయ్యి? ఇచ్చినామె చెయ్యా, పుచ్చుకున్నామె చెయ్యా?

పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, ఏదీ సరిగ్గా గుర్తురాకపోవడానికి అదీ కారణం కావచ్చు.

చెన్నైలో ఆ చల్లటి గదిలో కూర్చున్న రోజు గుర్తొచ్చింది, గాజు బల్ల, బల్ల మీద ఎవరూ ముట్టని బాదంపప్పు. నరేంద్రబాబు ఇరవై పేర్లు కొట్టేశారు. అన్నపూర్ణలూ అక్షయపాత్రలూ అందరూ పెట్టేసుకున్నారమ్మా, మన నెల్లూరు మట్టి వాసన రావాలి అన్నారు. బిందు కెజియా వైపు చూసి నువ్వు ఆ ఊరిదానివేగా, ఏదైనా చెప్పు అంది. ఏదైనా చెప్పు అంటే ఎవరికైనా ముందు ఏం గుర్తొస్తుంది? జేజి గుర్తొచ్చింది, కుండ గుర్తొచ్చింది. నోరు జారిందో, నోరు తెరిచిందో గానీ చెప్పేసింది. నరేంద్రబాబు వెంట వచ్చిన వాళ్ళమ్మ వెంకటశేషమ్మ గారు కళ్ళు తుడుచుకున్నారు. మా ఇంట్లోనూ ఎత్తేవాళ్ళమమ్మా, శనివారం దాసరి వస్తే జోలెలో పోసేవాళ్ళం అన్నారామె. అప్పుడే బిందు, చూశారా, ఇది అందరిదీ, కాబట్టి చర్చి మాటా వద్దు దాసరి మాటా వద్దు, ఆకలితో వచ్చేవాళ్ళ కోసం అందాం అంది. అందరికీ నచ్చింది. కెజియాకీ నచ్చింది, అబద్ధమెందుకు, ఆ రాత్రి గాల్లో నడిచినట్టు నడిచింది. సంచి వెనక రాసే మాట కూడా తనే రాసింది. 'ఎసట్లో పోసేముందు మా ఊరి అమ్మలు ఒక పిడికెడు ఎత్తిపెడతారు. ఈ సంచిలోంచి కూడా మీ పేరున ఒక పిడికెడు ఎత్తిపెట్టాం.' బాగా రాశావు, కంటతడి పెట్టించావు అన్నారు. ఎత్తిపెట్టి ఎక్కడ పెడతాం అని ఎవరో అడిగారు. అడిగింది తనేనా? అడిగే ఉంటుంది. అడిగానని గుర్తు. ఆకలైనవాళ్ళకే కదమ్మా, ఏదైనా ట్రస్టు చూద్దాం అన్నారు నరేంద్రబాబు. రెండో విడతలో చూద్దాం అని బిందు రాసుకుంది. ఆ రెండో విడత ఎప్పుడు? దాని గురించి తర్వాత ఏ మీటింగులోనైనా మాట వచ్చిందా? కాగితం రంగు గురించి వచ్చింది. సంచికి జిప్పు పెట్టాలా దారం పెట్టాలా అని మూడు మీటింగులయ్యాయి.

ఎసరు కాగింది. రెబెక్కమ్మ కెజియా తెచ్చిన సంచి దారం ఊడదీసి, సత్తు గిన్నెలోకి రెండు గ్లాసుల బియ్యం కొలుచుకుంది. కెజియా కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. ఎసట్లో పోసేముందు అని రాసింది తను. కడగకముందా, కడిగాకా? తడి బియ్యం ఎత్తిపెడితే పాడైపోవూ? జేజి ఎప్పుడు ఎత్తేది? ముసలమ్మ గిన్నెలో చెయ్యి పెట్టి, పొడి బియ్యం పిడికెడు తీసి, పెదవులు కదిపి, మూలనున్న మూకుడు మూసిన కుండలో వేసింది. కడగకముందు. కదా, కడగకముందే. మరి ఎసట్లో పోసేముందు అన్నది తప్పు కాదు గానీ ఒప్పూ కాదు. రెబెక్కమ్మ చెయ్యి పైకి తీసినప్పుడు చూద్దామనుకుంది, గోరు నల్లగా ఉందా అని, ఇదెక్కడి పిచ్చి, గోరు జేజిది కదా.

"నువ్వు కూడా ఎత్తుతావామ్మా?" అని అడిగింది.

"ఎత్తకుండా ఉంటానా? అందరికీ చెప్పే నోరు, నా ఇంట్లో కుండ లేకపోతే ఎట్టా?" రెబెక్కమ్మ నవ్వింది. "నాదీ సంఘానికే ఇస్తా. సంఘమోళ్ళు తిప్పి నాకే ఇస్తారు. దేవుడి కాడికి పోయి ఎనక్కి వచ్చిన బియ్యం. రుచే వేరులే."

కెజియాకి కూడా నవ్వొచ్చింది. చక్కటి మాట, దీన్ని వీడియోలో చెప్పిస్తే ఎంత బావుంటుంది అనుకుంది, ఆ బుర్ర అంతే, నవ్వు నవ్వుగా ఉండనివ్వదు, వెంటనే చట్రంలో బిగించి చూస్తుంది. శనివారం కదా ఇవాళ, నీ సంచి పట్టుకుని బయల్దేరలేదేం అని అడిగింది, మాట కలపడానికే అడిగింది.

"ఇంకెక్కడి సంచి మ్మా. పోయిన క్రిస్మస్ కాణ్ణుంచి ఎవురూ ఎత్తట్లేదుగా."

"ఎందుకు?"

రెబెక్కమ్మ ఆశ్చర్యంగా చూసింది, ఇంత చదువుకున్న పిల్లకి ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "నువ్వు రాసినావు గదా. కంపెనీవోళ్ళే ఎత్తిపెడతావుండారని. అంగట్లోకి ఆ సంచులొచ్చిన్నాడు చూడాల్సింది పల్లెలో. మగ్దలీనమ్మ చెయ్యంట, మన కెజియా గీసిందంట, రాసింది కూడా మన పిల్లేనంట అని అందురూ అయ్యే కొన్నారు. సన్నబియ్యం, ధర పిరంగానే ఉండాది, అయినా కొన్నారు. మన పిల్ల పేరు నిలబెట్టాలని. అప్పుడు మన సంఘంలో ఎలిశబెతు అనింది, అక్కా, ఇంక కుండలెందుకు, ప్రతి సంచిలోంచీ మన పేరున ఎత్తిపెడతావుంటే మళ్ళా మనం ఎత్తితే రెండుసార్లయితాది గదా అని. సబబేగా మరి? స్త్రీల సమాజంలో అందురూ లేచి నిలబడి నీ కోసం కృతజ్ఞతా ప్రార్థన చేసినారు. చేయించింది నేనే."

ఎసట్లో బియ్యం పడిన చప్పుడు వినిపించింది. ముసలమ్మ గరిటెతో కలిపి మూత పెట్టింది. ప్రార్థన చేయించింది ఈవిడే. డిసెంబరులో అమ్మ ఫోను చేసి చెప్పింది కూడా, మన పల్లెలో నీకోసం ప్రార్థన పెట్టారట, ఎంత మంచి పేరు తెచ్చుకున్నావే అని, అప్పుడు తను స్టూడియోలో అందరికీ ఆ మాట చెప్పి మురిసిపోయింది, బిందు చప్పట్లు కొట్టింది, చూశారా బ్రాండ్ అంటే ఇదీ అంది. మరి ఈవిడ తినేదేమిటి? రేషను ఉంది, ఒంటరి మనిషికి ఐదు కిలోలు. పింఛను వస్తుంది, అది మందులకి. అడిగితే ఏమంటుంది? అడగాలా? అడిగే హక్కు ఉందా తనకి?

"మరి నీకు సరిపోతున్నాయామ్మా బియ్యం?"

"నెలాఖర్లో రవ్వంత ఇబ్బందే. పోయినవారం ఆ కుండలోయి తీసి వండుకున్నా," మూలకి గడ్డంతో చూపించింది, "దేవుడికి చెప్పే తీసుకున్నాలే, దొంగతనంగా కాదు." పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "బియ్యం మాట అట్టుంచు పాపా. సంచి పట్టుకుని పోతే ప్రతి ఇంట్లో కూసోబెట్టి మాట్టాడేవోళ్ళు. ఒట్టి చేతుల్తో పోతే ఏం పని మీద వచ్చిందీ ముసిల్ది అని చూస్తారు. అందుకని ఈమధ్య పోవట్లా."

ఎవరి తప్పు ఇది? కెజియా లెక్కగా ఆలోచించాలనుకుంది, తీగ లాగితే డొంక కదిలినట్టు ఎక్కడెక్కడికో పోయింది. నరేంద్రబాబు చెడ్డవాడా? కాదే, మిల్లులో పనివాళ్ళ పిల్లలకి పుస్తకాలు కొనిస్తాడు. బిందు చెడ్డదా? జేజి పోయినప్పుడు రాత్రంతా తన పక్కన కూర్చుంది బిందు. పల్లెలో వాళ్ళదా తప్పు? పాపం, అచ్చులో ఉన్నదాన్ని నమ్మారు, తమ పిల్ల రాసిందని ఇంకొంచెం ఎక్కువ నమ్మారు. మరి తనదా? తను అబద్ధం రాయలేదు, జరగబోయేదాన్ని జరిగినట్టు రాసింది, అందరూ అలాగే రాస్తారు, సబ్బు మీదా రాస్తారు, సిమెంటు మీదా రాస్తారు, ఆ సబ్బు చదివి ఎవరూ స్నానం మానెయ్యరు కదా. వీళ్ళు మాత్రం చదివి కుండ బోర్లించేశారు. ఇదేం నమ్మకం? ఇలాగా నమ్మేది? ఒక పక్క కోపం వస్తోంది, ఎవరి మీదో తెలియని కోపం, ఇంకో పక్క ఏడుపు వస్తోంది. అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది, మంచి వాసన, నిజంగానే మంచి బియ్యం, ఆ మాట మాత్రం అబద్ధం కాదు. ఫోను వణికింది. బిందు. 'వచ్చిందా? ముఖం మీద వెలుతురు బాగుందా చూసుకో.'

వెలుతురు బాగుంది. తలుపులోంచి వస్తున్న ఎండ రెబెక్కమ్మ చెంప మీద పడుతోంది, అది చూసే పాడు కళ్ళు తనకి.

"ఏదో మాట చెప్పాలంటివే," అంది రెబెక్కమ్మ, గంజి వార్చి చేతులు తుడుచుకుంటూ. "చెప్పించుకో మరి, ఆలస్యమైతాందేమో నీకు."

వద్దులేమ్మా అనాలి. అనలేదు. అలవాటైన చేతులు ఫోను నిలువు కాకుండా అడ్డంగా పట్టుకున్నాయి, అలవాటైన నోరు చెప్పాల్సిన మాటలు చెప్పింది. రెబెక్కమ్మ కొంగు తలమీదకి లాక్కుని, గోడకి నిటారుగా కూర్చుని, వందమంది ముందు సాక్ష్యం చెప్పినట్టు ఒక్క తప్పు లేకుండా చెప్పింది. "మా ఊళ్ళో ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు ఎత్తిపెడతాం. ఆకలితో వచ్చేవోళ్ళ కోసం. ఈ కంపెనీవోళ్ళు కూడా అట్టానే ఎత్తిపెడతావుండారు. దేవుడు వాళ్ళని దీవించాలి." ఇరవై ఎనిమిది సెకన్లు. ఇంత బాగా ఎవరూ చెప్పలేరు. ఆపేలోపే ముసలమ్మ కొంచెం ముందుకు వంగింది.

"అవునుగానీ మ్మా, ఆ ఎత్తిపెట్టిన బియ్యం ఎవురి కాడ ఉండాయి?"

ఫోను ఇంకా తీస్తూనే ఉంది.

"ఏమనుకోబాక. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అందుకని అడుగుతావుండా. పల్లెంతా కొనింది గదా, ఇన్నాళ్ళవీ పోగై ఉంటాయి. నా వంతు యాడుందో కనుక్కుని చెప్తే నేనే బస్సెక్కి పోయి తెచ్చుకుంటా, నిన్ను ఇబ్బంది పెట్టను." లేచి, మంచం కింది పెట్టె తెరిచి, ఉతికి మడిచిన నీలం గుడ్డసంచి తెచ్చి కెజియా ఒళ్ళో పెట్టింది. "నీకు వీలైతే ఇదే తీసకపో. వాళ్ళ కాడ సంచి ఉంటాదో లేదో."

కెజియా ఫోను ఆపింది. నేనే రాశానమ్మా ఆ మాట, ఎక్కడా ఏమీ లేదు అని చెప్పడానికి నోరు తెరిచింది, "ఆ మాట నేనే రాసినానమ్మా" వరకే వచ్చింది, అదీ పల్లె యాసలో వచ్చింది.

"తెలుసులే తల్లీ. మంచి మాట రాసినావు," అని రెబెక్కమ్మ ఆమె తల నిమిరింది.

చివరి ముక్క కత్తిరిస్తే సరిపోతుంది. వేలు తెర మీద గీత దగ్గరకి దానంతటదే వెళ్ళింది, ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది, ఒక్క నొక్కు, సాయంత్రం తెర మీద ముసలమ్మ దీవెన, డీలర్ల చప్పట్లు, నరేంద్రబాబుకి నిద్ర, బిందుకి నిద్ర. ఒళ్ళో సంచి తేలిగ్గా ఉంది, సబ్బు వాసన వేస్తోంది. ఈ సంచి నోరు తను రెండు చేతులతో తెరిచి పట్టుకునేది. జేజి కుండ వంచేది. కుండ వంచిన చెయ్యి, ఆ, గోరు, కుడి చేతిదే, మూకుడు తీసి పట్టుకున్నది ఎడమది... అంతలోనే మళ్ళీ పోయింది. కెజియా వేలు తీసేసింది. వీడియో మొత్తం పంపేసింది, ఉన్నదున్నట్టు, సంచితో సహా. కింద ఒక్క వాక్యం రాసింది. 'ఎవరి దగ్గర ఉన్నాయి? అడుగుతోంది.'

బిందు చూసినట్టు గుర్తులు పడ్డాయి. ఏదో టైపు చేస్తున్నట్టు చూపించింది, ఆగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. ఈలోపు రెబెక్కమ్మ పళ్ళెంలో అన్నం పెట్టింది, పక్కన చింతకాయ పచ్చడి, ఉల్లిపాయ ముక్క. తినమ్మా చల్లారిపోద్ది అంది. కెజియా అన్నం కలిపింది, ముద్ద చేసింది, ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏమన్నారు మ్మా?" ముసలమ్మ ఫోనుకేసి చూస్తూ అడిగింది.

"వెతుకుతున్నారు."

"ఎతకనీ, తొందరేం లేదు," అంది రెబెక్కమ్మ, తన పళ్ళెం ముందు కళ్ళు మూసుకోబోతూ. "ఎత్తిపెట్టింది యాడికి పోద్ది?"